క్వేక్ రీమాస్టర్: ముందు ఏది ముట్టుకోకూడదో తేల్చుకోండి

శ్రీకాకుళం నుంచి నలుగురు కుర్రాళ్లు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. 1996లో వచ్చిన క్వేక్ అనే తుపాకీ ఆటని ఇప్పటి వాళ్లు ఆడేలా రీమాస్టర్ మోడ్‌గా, అంటే పాత ఆట మీద కొత్త మెరుగులు వేసే మార్పుగా చేయాలి. చేతిలో ఎనిమిది నెలలు ఉన్నాయి, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ఐ3, ఐ5 లాప్‌టాప్‌లు నాలుగు ఉన్నాయి. ఆటంతా యూనిటీ అనే ఇప్పటి ఇంజన్‌లోకి మార్చాలా, పాత ఇంజన్ (ఆటని నడిపించే కోడ్) ఉంచాలా? టెక్స్చర్లు, అంటే గోడల మీద పరిచే బొమ్మలు, ఏఐతో పెంచితే పని అయిపోతుందా? మెనూలు, మెసేజ్‌లు తెలుగులో పెట్టగలమా?

తమ్ముళ్లూ, యూనిటీ వద్దు. ఏఐ ఒక్కటే చాలదు. తెలుగు పెట్టొచ్చు గానీ, మీరు చిన్న పని అనుకుని చివర్లో పెట్టుకున్నారు చూడండి, అసలు పెద్ద పని అదే.

యూనిటీ ఎందుకు వద్దంటే, క్వేక్‌లో మనిషి గోడకి తగలడం ఇప్పటి ఇంజన్లలో ఉండే క్యాప్సూల్ కొలైడర్ (మనిషి చుట్టూ మాత్ర ఆకారంలో ఉండి గోడకి తగిలే కనపడని తొడుగు) లెక్క కాదు. మ్యాప్ కంపైల్ చేసినప్పుడే మూడు హల్స్, అంటే మూడు సైజుల ఒంటికి గోడలు ఎక్కడ తగులుతాయో చెప్పే లెక్కలు, తయారై బీఎస్పీ అనే మ్యాప్ ఫైల్లో కూర్చుంటాయి. మొదటిది వట్టి చుక్క, తూటాలకీ చూపుకీ. రెండోది 32×32×56 యూనిట్ల పెట్టె, ఆటగాడికి. మూడోది 64×64×88, షాంబ్లర్ లాంటి పెద్ద జీవాలకి. ఆటగాడు 18 యూనిట్ల మెట్టు దాకా దూకకుండానే ఎక్కేస్తాడు. నేల మీద గరిష్ఠ వేగం 320, గ్రావిటీ 800, ఫ్రిక్షన్ 4, దూకితే పైకి 270. గాల్లో ఉన్నప్పుడు మాత్రం మీరు నొక్కిన దిశలో కోరే వేగాన్ని కోడ్ 30 దగ్గర కత్తిరిస్తుంది. కత్తిరించేది ఆ దిశలో పడే భాగాన్నే, మొత్తం వేగాన్ని కాదు. అందుకే పక్కకి నొక్కుతూ మౌస్ తిప్పుకుంటూ దూకితే వేగం పెరుగుతూ పోతుంది. బన్నీ హాప్ అంటే ఇదే. కోడ్ చూస్తే లోపంలా కనిపిస్తుంది, ఆడేవాడికి అదే ప్రాణం. యూనిటీలో ఈ అంకెలన్నీ అలాగే దించినా గుండ్రటి కొలైడర్ మూలల దగ్గర జారిపోతుంది, పెట్టె జారదు. పాత ఆటగాడి చెయ్యి పది సెకన్లలో పట్టేస్తుంది, ఏదో తేడాగా ఉందని. ఏం తేడా అని అడిగితే చెప్పలేడు, ఆట మాత్రం పక్కన పెట్టేస్తాడు. ఎనిమిది నెలల్లో ఆరు నెలలు ఆ తేడా వెతకడానికే పోతాయి.

కాబట్టి పాత ఇంజన్ కోడ్ మీదే కట్టండి. ఐడీ సాఫ్ట్‌వేర్ 1999 డిసెంబరులో ఆ కోడ్‌ని జీపీఎల్ (ఎవరైనా వాడి, మార్చి, పంచుకోగలిగే లైసెన్సు) కింద వదిలింది. దాని మీద కట్టిన క్వేక్‌స్పాజం, ఐరన్‌వెయిల్, వీకేక్వేక్ అన్నీ జీపీఎల్‌లోనే ఉన్నాయి. మీ లాప్‌టాప్‌ల గ్రాఫిక్స్ చిప్ ఏదో చూసుకుని ఎంచుకోండి. ఐరన్‌వెయిల్ వేగంగా ఉంటుంది గానీ ఓపెన్‌జీఎల్ (గ్రాఫిక్స్ చిప్‌తో మాట్లాడే పద్ధతి) 4.3 కావాలి. విండోస్‌లో ఇంటెల్ హెచ్‌డీ 4000 చిప్ డ్రైవర్ 4.0 దగ్గరే ఆగిపోతుంది. పాత ఐ3లు మన ఊళ్లలో ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి, వాటిని వదులుకోవద్దు. క్వేక్‌స్పాజం మీద మొదలుపెట్టమని నా సలహా.

హక్కుల సంగతి మొదటి వారంలోనే తేల్చుకోండి. జీపీఎల్ కోడ్‌కి మాత్రమే. మ్యాపుల్లోని బొమ్మలు, మోడళ్లు, శబ్దాలు, నైన్ ఇంచ్ నెయిల్స్ బ్యాండ్ సంగీతం, ఆట పేరు, ఇవేవీ మీవి కావు. ఏఐతో నాలుగింతలు పెంచిన టెక్స్చర్ కూడా అసలు బొమ్మ నుంచి పుట్టినదే, దాన్ని మీ సొంతమని పంచలేరు. దారి రెండు రకాలు. ఆటగాడు కొనుక్కున్న పాక్0, పాక్1 ఫైళ్లని (ఆట బొమ్మలు, శబ్దాలు, మ్యాపులు ఉండే మూటలు) అతని కంప్యూటర్‌లోనే చదివి, మీరు మొదటి నుంచి సొంతంగా గీసినవి మాత్రమే పైన వేసే మోడ్ ఒకటి. లేదంటే లిబ్రేక్వేక్ లాంటి స్వేచ్ఛా డేటా మీద పని చేయడం. లిబ్రేక్వేక్ బీఎస్‌డీ లైసెన్సులో ఉంది కాబట్టి అభ్యాసానికీ, పోస్టర్లకీ, స్క్రీన్‌షాట్లకీ నిర్భయంగా వాడుకోవచ్చు. మీరు మార్చిన ఇంజన్ ఎవరికి ఇచ్చినా దాని సోర్సు కూడా వాళ్లకి అందేలా ఉంచాలి, జీపీఎల్ అడిగేది అదే. 2021 ఆగస్టులో నైట్‌డైవ్ స్టూడియోస్ చేసిన అధికారిక రీమాస్టర్ వచ్చేసింది. దానితో మెరుపులో పోటీ పడకండి. దాంట్లో లేని తెలుగు, పాత లాప్‌టాప్ మీద నిలకడగా నడవడం, ఈ రెండూ మీ చేతిలో ఉన్నాయి.

ఇక అసలు పని. ఒరిజినల్ కోడ్‌లో ఫ్రేమూ (తెర మీద గీసే ఒక్కో బొమ్మ), ఫిజిక్సూ (కదలికల లెక్క) ఒకే చక్రంలో తిరుగుతాయి. హోస్ట్ ఫిల్టర్‌టైమ్ అనే ఫంక్షన్ సెకనుకి 72 ఫ్రేములు దాటనివ్వదు. 144 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాడు అడుగుతున్నాడని ఆ 72ని తీసేసి 144 పెడితే ఏమవుతుందో లెక్కేసి చూడండి. కోడ్ ముందు గ్రావిటీని వేగంలోంచి తీసేసి, తర్వాత మనిషిని జరుపుతుంది. అందువల్ల దూకుడు ఎత్తు ఫ్రేమ్ నిడివి మీద ఆధారపడుతుంది. కాగితం మీద 270 వర్గాన్ని 1600తో భాగిస్తే 45.6 యూనిట్లు రావాలి. 72 దగ్గర దాదాపు 43.7 వస్తుంది, 30 దగ్గర 41, 144 దగ్గర 44.6. మెల్లగా నడిచే లాప్‌టాప్‌లో అందని అంచు వేగంగా నడిచేదానిలో అందుతుందన్న మాట. దీనికి తోడు ఫ్రేమ్ చిన్నదయ్యే కొద్దీ లిఫ్టులు, తలుపుల దగ్గర ఇరుక్కోవడం, ఊరికే దెబ్బ తగలడం మొదలవుతాయి.

మందు ఏంటంటే, ఫిజిక్స్‌ని సెకనుకి 72 టిక్కుల (లెక్క అడుగుల) దగ్గర కట్టేసి, బొమ్మ గీయడాన్ని విడదీయడం. గడిచిన సమయాన్ని ఒక డబ్బాలో పోస్తూ ఉండాలి. 13.9 మిల్లీసెకన్లు నిండినప్పుడల్లా ఒక టిక్కు నడపాలి. ఏదో కారణంగా ఆట ఆగి మళ్లీ లేస్తే 0.1 సెకను మించి పోయనివ్వకూడదు, లేకపోతే పాత బాకీ టిక్కులన్నీ ఒకేసారి నడిచి ఇంకా నిదానిస్తుంది. గీసేటప్పుడు వెనకటి టిక్కుకీ ఇప్పటి టిక్కుకీ మధ్య ఎక్కడున్నామో చూసి వస్తువులని ఆ మధ్యలో పెట్టాలి. క్వేక్‌స్పాజంలో ఇందులో చాలా భాగం ఉంది. కొత్తగా రాయొద్దు, ఉన్నదాన్ని లైను లైనుగా చదవండి.

ఇక్కడ జనం చేసే తప్పులు మూడు. మొదటిది, ఆటగాడి చూపుని కూడా మధ్యలో పెట్టేయడం. మౌస్ తిప్పిన కోణం అదే ఫ్రేములో కనపడాలి, టిక్కు కోసం ఆగకూడదు. ఆగితే ఒక టిక్కు ఆలస్యం, చేతికి జిగురుగా తగులుతుంది. రెండోది టెలిపోర్ట్. గది ఈ చివర నుంచి ఆ చివరకి మనిషిని మధ్యలో గీస్తే తెర మీద ఒక చార పరుగెడుతుంది. సెకనుకి 1000 యూనిట్లు పోయే రాకెట్ కూడా ఒక టిక్కులో 14 యూనిట్లే కదులుతుంది, కాబట్టి ఒక టిక్కులో 100 దాటి కదిలినదాన్ని మధ్యలో పెట్టకుండా నేరుగా చూపించండి. మూడోది రాక్షసుల నడక. అవి 0.1 సెకనుకోసారి అడుగేస్తాయి, యానిమేషన్ కూడా సెకనుకి 10 ఫ్రేములే. వాటి స్థానాన్నీ ఆకారాన్నీ 72 టిక్కుల మీద కాదు, ఆ 0.1 మీద మధ్యలో పెట్టాలి. అలాగని అన్నిటికీ చేయకూడదు. గోడ కాగడా మంట మోడల్‌కి ఈ సర్దుబాటు చేస్తే మంట రబ్బరులా సాగుతుంది. తుపాకీ మూతి దగ్గర మెరుపు కూడా అంతే, తుపాకీలోంచి మైనం కారినట్టు కనిపిస్తుంది. క్వేక్‌స్పాజంలో ఇలాంటి మోడళ్ల పేర్లతో ఒక మినహాయింపుల జాబితా ఉంది, మీ కొత్త మోడళ్లని కూడా అందులో చేర్చుకోండి.

ఫిజిక్స్ మారలేదని ఎలా తెలుస్తుంది? డూమ్ (క్వేక్‌కి ముందు ఐడీ చేసిన ఆట) మీద పని చేసినవాళ్లకి ఇది సుఖం. డూమ్ డెమో ఫైలు, అంటే ఆడిన ఆటని తిరిగి చూపే రికార్డింగు, ఆటగాడు నొక్కినవే దాచుకుంటుంది, సెకనుకి 35 టిక్కులు, టిక్కుకి నాలుగు బైట్లు. కోడ్ రవ్వంత మారినా డెమోలోని మనిషి గోడకి తగిలి తిరుగుతూ ఉంటాడు, దొంగ దొరికిపోతాడు. క్వేక్ డెమో అలా కాదు. అది సర్వర్ పంపిన మెసేజ్‌లని దాస్తుంది. ఫిజిక్స్ పూర్తిగా చెడగొట్టినా పాత డెమో నిక్షేపంగా ఆడుతుంది. డెమో ఆడింది కదా, అంతా బాగుందని సంబరపడకండి. అది బొమ్మ గీయడానికీ, వేగం కొలవడానికీ మాత్రమే పరీక్ష.

క్వేక్‌కి మీరే ఒక రికార్డర్ రాసుకోవాలి. ప్రతి టిక్కులో చూపు కోణాలు, ముందుకి, పక్కకి, పైకి ఎంత, ఏ బటన్లు, ఏ ఆయుధం, ఇవి ఫైల్లో వేయండి. తిరిగి నడిపినప్పుడు ప్రతి టిక్కు చివరా అందరి స్థానం, వేగం, హెల్త్ కలిపి ఒక చెక్‌సమ్ (అన్నిటినీ కలిపితే వచ్చే ఒక్క గుర్తు అంకె) తీయండి. మార్పుకి ముందూ తర్వాతా రెండు వరుసలు పోల్చితే మొదట తేడా వచ్చిన టిక్కు నంబరు దొరుకుతుంది, లోపం అక్కడే. ఇది పని చేయాలంటే రెండు జాగ్రత్తలు కావాలి. క్వేక్‌సీ (ఆట నియమాలు రాసిన క్వేక్ సొంత భాష) లోని ర్యాండమ్, సీ లైబ్రరీలోని ర్యాండ్ అనే యాదృచ్ఛిక అంకెల ఫంక్షన్‌ని వాడుతుంది. విండోస్‌లో ఒకలా, లినక్స్‌లో ఒకలా వస్తుంది. దాన్ని తీసేసి మీ సొంత చిన్న జనరేటర్ పెట్టి, సీడ్‌ని (ఆ అంకెల వరుస మొదలయ్యే విలువని) రికార్డింగ్‌లో దాచండి. రెండోది, 64 బిట్‌లోనే కంపైల్ చేయండి, ఫాస్ట్ మ్యాథ్ అనే ఆప్షన్ ముట్టుకోవద్దు. పాత 32 బిట్ బిల్డ్‌లో ఫ్లోటింగ్ పాయింట్ లెక్క 80 బిట్లలో జరిగి చివరి అంకెలు మారొచ్చు. ఈ రికార్డర్‌కి మూడు వారాలు పట్టినా సరే, మొదటి రెండు నెలల్లోనే పూర్తి చేయండి. తర్వాతి ఆరు నెలలూ మిమ్మల్ని కాపాడేది అదే.

వెలుతురు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే క్వేక్ అందం సగం నీడలోనే ఉంది. చాలామందికి గుర్తున్న క్వేక్ నిజానికి పాడైపోయిన క్వేక్. 1997లో జీఎల్‌క్వేక్ (గ్రాఫిక్స్ కార్డుతో గీసే క్వేక్) వచ్చినప్పుడు రెండు పోయాయి. అంతకు ముందున్న సాఫ్ట్‌వేర్ రెండరర్‌లో (ప్రాసెసరే బొమ్మ గీసే పద్ధతి) లైట్‌మ్యాప్, అంటే గోడ మీద ఎక్కడ ఎంత వెలుతురో ముందే లెక్కేసిన పటం, టెక్స్చర్‌ని అసలు రంగు కంటే రెట్టింపు దాకా వెలిగించగలదు. జీఎల్‌క్వేక్ దాన్ని ఒకటి దగ్గర నరికేసింది, దీపం కింద గోడ చప్పగా అయిపోయింది. రెండోది, 256 రంగుల పలకలో చివరి 32, అంటే 224 నుంచి 255 దాకా ఉన్నవి, చీకట్లో కూడా వెలిగే రంగులు. బటన్ల మీది ఎర్రటి చుక్కలు, కంప్యూటర్ తెరలు వాటితోనే గీశారు. జీఎల్‌క్వేక్‌లో అవీ నీడలో కలిసిపోయాయి. మీ రీమాస్టర్‌లో మొదట ఈ రెండూ వెనక్కి తేండి. కొత్త టెక్స్చర్ ఒక్కటి కూడా లేకుండానే, పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆట కొత్తగా కనిపిస్తుంది. మీరు టెక్స్చర్‌ని ఆర్‌జీబీలోకి మార్చేటప్పుడు ఆ 32 రంగుల పిక్సెళ్లని వేరే మాస్క్‌గా తీసి ఉంచుకోవాలి. ఒకసారి ఆర్‌జీబీ అయిపోయాక ఏ ఎరుపు వెలిగేదో ఏ ఎరుపు మామూలుదో చెప్పలేం.

ఒరిజినల్ లైట్‌మ్యాప్ 16 యూనిట్లకి ఒక నమూనా, అదీ తెలుపు నలుపు మాత్రమే, నమూనాకి ఒక బైటు. రంగు వెలుతురు కావాలంటే పక్కన లిట్ ఫైలు పెట్టాలి, అందులో నమూనాకి మూడు బైట్లు. ఎరిక్‌డబ్ల్యూ టూల్స్ అనే మ్యాప్ పనిముట్లలోని లైట్ ప్రోగ్రామ్ దీన్ని చేస్తుంది. మ్యాప్ సోర్సు లేకపోయినా బీఎస్పీ ఒక్కటి ఉంటే చాలు, దీపాల వివరాలు అందులోనే ఉంటాయి. ఎక్స్‌ట్రా4 ఆప్షన్ పెడితే నీడల అంచు మెత్తబడుతుంది. క్వేక్ రూపకర్తల్లో ఒకరైన జాన్ రొమేరో 2006లో క్వేక్ మ్యాప్ సోర్సులు విడుదల చేశారు, ఏ దీపం ఎందుకు అక్కడ పెట్టారో ట్రెంచ్‌బ్రూమ్ అనే మ్యాప్ ఎడిటర్‌లో తెరిచి చూడండి, చాలా నేర్చుకుంటారు. రంగు వేసేటప్పుడు చెయ్యి వెనక్కి లాగండి. కాగడాకి లేత నారింజ, స్లిప్‌గేట్ (టెలిపోర్ట్ ద్వారం) దగ్గరి ట్యూబ్‌లైట్‌కి రవ్వంత నీలం. సిరిమాను జాతర సీరియల్ లైట్ల మాదిరి ప్రతి గదికీ ఒక రంగు పోస్తే అక్కడి భయం పోతుంది. మొత్తం వెలుతురు పెంచకండి కూడా. చీకటిగా ఉందని టెస్టర్ అంటే అది అతని తెర బ్రైట్‌నెస్ కావచ్చు. గామా స్లైడర్ ఇచ్చి, మొదటిసారి తెరిచినప్పుడే సర్దుకోమని అడగండి.

టెక్స్చర్లకి వద్దాం. ఏఐ అప్‌స్కేలర్‌కి 64×64 బొమ్మ ఇస్తే ఏం జరుగుతుందంటే, 256 రంగుల పలక వల్ల వచ్చిన చుక్కల్ని అది ఇసుక గరుకు అనుకుంటుంది, తుప్పు మరకని పగులు అనుకుంటుంది, లోహపు రివెట్‌ని గుండీలా చేస్తుంది. చెక్కిన అక్షరాలు వంకరపోతాయి. పైగా అంచులు. టెక్స్చర్ గోడ మీద పక్కపక్కనే పరుచుకుంటుంది కదా, అప్‌స్కేలర్‌కి అంచు అవతల ఏముందో తెలియదు. గోడంతా గళ్ల దుప్పటిలా అతుకులు కనిపిస్తాయి. దానికి ఉపాయం: పెంచే ముందు నాలుగు వైపులా 16 పిక్సెళ్లు అవతలి అంచు నుంచి తెచ్చి అతికించండి, 96×96 అవుతుంది. నాలుగింతలు పెంచాక చుట్టూ 64 పిక్సెళ్లు కోసేయండి, 256×256 మిగులుతుంది, అతుకు కనపడదు. ఇది కూడా చిత్తుప్రతి మాత్రమే. దాన్ని కింద పరుచుకుని పైన చేత్తో గీయాలి. హక్కుల వల్ల ఎలాగూ గీయక తప్పదు, అదీ ఒకందుకు మంచిదే.

పేర్లలో మెలికలున్నాయి. నీళ్ల టెక్స్చర్ పేరు నక్షత్రం గుర్తుతో మొదలవుతుంది. ఫైలు పేరులో ఆ గుర్తు విండోస్ ఒప్పుకోదు కాబట్టి దాని బదులు హ్యాష్ గుర్తు పెట్టాలి. ప్లస్ గుర్తుతో మొదలయ్యేవి యానిమేషన్, వరుసలో ఒక్క ఫ్రేమ్ మరచిపోయినా గోడ పాతదీ కొత్తదీ మార్చిమార్చి మిణుకుతుంది. ఆకాశం 256×128, అందులో కుడి సగం వెనక మబ్బు, ఎడమ సగం ముందు మబ్బు. మొత్తాన్ని ఒకే బొమ్మగా పెంచితే మధ్య గీత దగ్గర రెండూ కలిసిపోతాయి, విడదీసి పెంచండి.

సైజు మీద ఆశ వద్దు. 1024×1024 టెక్స్చర్ కంప్రెస్ చేయకుండా 4 ఎంబీ, మిప్‌మ్యాప్‌లతో (దూరం నుంచి చూపడానికి వాడే చిన్న కాపీలతో) 5.3 ఎంబీ. మూడు వందలుంటే 1.6 జీబీ. మీ లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ తినేది మామూలు ర్యామ్‌నే. 8 జీబీలో బ్రౌజర్ కూడా తెరిచి ఉంటే ఆట దగ్గుతుంది. బీసీ7 కంప్రెషన్ వాడితే అదే 400 ఎంబీకి దిగుతుంది. అసలు 64 పిక్సెళ్ల గోడకి 256 చాలు. పాత చదరపు పిక్సెళ్లే ఇష్టపడేవాళ్లకి ఒక కీ నొక్కితే అసలు టెక్స్చర్లు, నియరెస్ట్ ఫిల్టర్ (పిక్సెళ్లని మసకబార్చకుండా చూపేది) వచ్చేలా ఉంచండి. అప్పుడు కూడా మిప్‌మ్యాప్, అనైసోట్రోపిక్ (వాలుగా కనిపించే నేలని స్పష్టంగా ఉంచే ఫిల్టర్) వదలకండి, లేకపోతే దూరపు నేల చీమలు పాకినట్టు ఉంటుంది.

మోడళ్లలో ఒక్క మాట. పాత ఎండీఎల్ మోడల్ ఫార్మాట్‌లో ప్రతి మూలకీ అక్షానికి ఒక బైటు, అంటే 256 స్థానాలే. ఫ్రేములు సాఫీ చేసిన కొద్దీ షాంబ్లర్ ఒళ్లు జెల్లీలా వణుకుతున్నట్టు తెలుస్తుంది. కొత్త మోడళ్లు ఎండీ5 ఫార్మాట్‌లో చేయండి, 2021 రీమాస్టర్‌లోనూ అదే. కానీ హల్ పెట్టె మారదు కాబట్టి కొత్త మోడల్ వెడల్పు పాతదానికి సరిపోవాలి. భుజాలు వెడల్పు చేస్తే భుజానికి గురిపెట్టి కొట్టిన దెబ్బ తగలదు.

తెర వెడల్పు సంగతి చాలామంది తప్పుగా చేస్తారు. 4:3 తెరలో చూపు కోణం అడ్డంగా 90 డిగ్రీలంటే నిలువుగా 73.7. 16:9లో ఆ నిలువుని అలాగే ఉంచి అడ్డం పెంచాలి, 106.3 వస్తుంది. అడ్డం 90 దగ్గరే ఉంచేస్తే పైనా కిందా కోసేసినట్టే, ఆడేవాడికి తల తిరుగుతుంది. తుపాకీకి మాత్రం వేరే ఎఫ్‌ఓవీ (చూపు కోణం) ఇవ్వండి. చేతిలోని తుపాకీ మోడల్‌ని 90 డిగ్రీలకి కనపడే మేరకే చేశారు. వెడల్పు తెరలో వెనక తెగిపోయిన భాగం బయటపడుతుంది.

మౌస్‌కి రా ఇన్‌పుట్ (విండోస్ సర్దుబాట్లు లేని నేరు కదలిక), యాక్సిలరేషన్ ఆఫ్. క్వేక్‌లో మౌస్ ఒక్క గణనకి 0.022 డిగ్రీలు, సెన్సిటివిటీ 3 అయితే 0.066. 800 డీపీఐ (అంగుళానికి 800 గణనలు) మౌస్ మీద చుట్టూ ఒకసారి తిరగడానికి 17 సెంటీమీటర్లు జరపాలి. ఇది మారకుండా చూసుకోండి, వేరే ఆటల్లో ఇవే అంకెలు వాడేవాళ్లు చాలామంది. ఒరిజినల్ సింగిల్ ప్లేయర్‌లో ఆటోమేటిక్ గురి డిఫాల్ట్‌గా ఉంటుంది. దాన్ని నడిపే ఎస్వీ ఎయిమ్ అనే సెట్టింగ్ విలువ 0.93. మౌస్ వాడేవాడికి 1 పెట్టి ఆపేయండి, కంట్రోలర్ వాడేవాడికి ఉంచండి. తల ఊగడం, దెబ్బ తగిలితే తెర ఎర్రగా మెరవడం, ఈ రెండూ తగ్గించుకునే స్లైడర్లు తప్పకుండా ఉండాలి.

శబ్దాలు చాలావరకు 11025 హెర్ట్జ్, 8 బిట్. వాటిని పెంచేటప్పుడు మంచి ఫిల్టర్ వాడండి చాలు, రీవెర్బ్ (గది ప్రతిధ్వని) కలపకండి. ఏ మూల నుంచి ఓగర్ రాక్షసుడు వస్తున్నాడో చెవి పట్టేది ఆ పొడి శబ్దం వల్లే.

ఇప్పుడు తెలుగు. పాత ఇంజన్ ఫాంటు 128×128 బొమ్మ ఒక్కటి. అందులో 8×8 గళ్లలో 256 అక్షరాలు. మొదటి 128 తెల్లవి, తర్వాతి 128 అవే రాగి రంగులో. ఒక బైటులో పై బిట్ వెలిగి ఉంటే రాగి రంగు అని అర్థం. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు ప్రతి కోడ్‌పాయింట్ (అక్షరంలోని ఒక్కో ముక్కకి ఇచ్చిన నంబరు) మూడు బైట్లు, మూడింటికీ పై బిట్ వెలిగే ఉంటుంది. ఇంజన్ వాటిని రాగి రంగు చెత్తగా గీస్తుంది. అంతటితో పోదు. తెర మధ్యలో వచ్చే మెసేజ్‌ని 40 బైట్ల దగ్గర వరుస విరుస్తుంది. తెలుగులో అది 13 కోడ్‌పాయింట్లే, పద్నాలుగోది మధ్యకి విరుగుతుంది.

"శస్త్రం" అనే మాట తీసుకోండి. కంటికి రెండే అక్షరాలు. లోపల శ, స, పొల్లు, త, పొల్లు, ర, సున్నా, మొత్తం ఏడు కోడ్‌పాయింట్లు, 21 బైట్లు. వాటిని కోడ్‌పాయింట్ వరుసలో ఒక్కొక్కటీ గీస్తే వత్తులు పక్కన నిలబడతాయి. హార్ఫ్‌బజ్ లైబ్రరీతో షేపింగ్ చేసి (వత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చి), ఫ్రీటైప్ లైబ్రరీతో గీసి, గ్లిఫ్ (ఫాంటులోని అక్షర రూపం) నంబరు మీద క్యాష్ పెట్టుకోవాలి, కోడ్‌పాయింట్ మీద కాదు. వరుస విరిచేది, టైపు చేసినదాన్ని వెనక్కి తుడిచేది కూడా అక్షరం అంచు దగ్గరే జరగాలి. వరుస ఎత్తు ఫాంటు సైజుకి ఒకటిన్నర ఇవ్వండి. ఇంగ్లీషుకి సరిపోయిన పెట్టెలో త వత్తు, ర వత్తు కింద తెగిపోతాయి. పరీక్షకి "స్త్రీ, జ్యోత్స్న, తూర్పు, కార్ట్రిడ్జ్, పాస్‌వర్డ్" పెట్టి చూడండి. చివరిదానిలో కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉంది, అది పోతే స కింద వ వత్తు పడిపోతుంది. ఫాంటుకి మండలి, నోటో సాన్స్ తెలుగు రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నవే. చిన్న సైజులో చీకటి నేపథ్యం మీద గీత సన్నబడకుండా ఉన్నది ఎంచుకోండి.

దీనికంటే లోతైన చిక్కు వాక్యంలో ఉంది. క్వేక్‌సీ కోడ్‌లో వస్తువు దొరికితే "యూ గాట్ ద" ఒకసారి, వస్తువు పేరు ఒకసారి, కొత్త వరుస ఒకసారి ప్రింట్ చేస్తారు. మనకి క్రియ చివర వస్తుంది. ముక్కలు ముక్కలుగా అనువదిస్తే "దొరికింది వెండి తాళంచెవి" అవుతుంది. ఆ మూడు ప్రింట్లనీ తీసేసి, ఖాళీ స్థానానికి నంబరు ఉన్న ఒకే వాక్యం పెట్టి, ప్రతి భాషకీ వేరే ఫైలు ఉంచండి. బహువచనం కూడా ఉంది: "తాళంచెవి దొరికింది" గానీ "మేకులు దొరికాయి". ఒక్క వాక్యంతో రెండూ నడవవు, వస్తువు పక్కనే దాని క్రియ కూడా రాసుకోండి. ఇద్దరు కలిసి ఆడేటప్పుడు చావు మెసేజ్‌లో చచ్చాడా చచ్చిందా అన్నది పేరుని బట్టి కోడ్‌కి తెలియదు. "రాజు అవుట్", "లక్ష్మి అవుట్" అనేయండి, మన పిల్లలు వీధిలో అనే మాటే. అనువాదం కూడా అలాగే నోటి మాటలో ఉండాలి. "25 హెల్త్ వచ్చింది", "వెండి తాళంచెవి కావాలి". తుపాకీ పేర్లు నెయిల్‌గన్, రాకెట్ లాంచర్ అనే ఉంచండి. పరుగులో అరసెకను చూసే మాట అది, ఆగి ఆలోచించేలా ఉండకూడదు.

నలుగురిలో ఒకరు పూర్తిగా తెలుగు మీద, ఒకరు టిక్కు, రికార్డర్ మీద, ఇద్దరు బొమ్మల మీద ఉండండి. ఆరో నెలకల్లా కొత్తవి చేర్చడం ఆపేయాలి. అన్ని మ్యాపులకీ టెక్స్చర్లు పూర్తవ్వవని తేలితే మొదటి ఎపిసోడ్ ఒక్కటే పూర్తిగా చేసి ఇవ్వండి, నాలుగు ఎపిసోడ్లు సగం సగం వద్దు. పని గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే పనిముట్టు) పెట్టి రోజూ బయటి సర్వర్‌కి పంపండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. కాపీ అంతా ఒకే ఇంట్లో ఉండకూడదు.

టెస్టింగ్ రెండు నిమిషాలు కాదు, అరగంట నడపండి. మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ గాలికి పెట్టిన లాప్‌టాప్ పది నిమిషాల తర్వాత వేడికి స్పీడు తగ్గించుకుంటుంది, అసలు ఫ్రేమ్‌రేట్ అప్పుడు తెలుస్తుంది. సగటు చూడకండి, అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఫ్రేములు చూడండి. 60 హెర్ట్జ్‌కి ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లే ఉన్నాయి. శ్రీకాకుళంలో ఇద్దరూ విజయనగరంలో ఇద్దరూ కూర్చుని కలిసి ఆడే పరీక్ష కూడా చేయండి. క్వేక్ యూడీపీ 26000 పోర్టు వాడుతుంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ చాలాచోట్ల ఒకే బయటి అడ్రస్‌ని చాలా ఇళ్లకి పంచుతుంది కాబట్టి పోర్టు తెరిచినా అవతలివాడు చేరలేడు, వీపీఎన్ కావాల్సి వస్తుంది. మామూలు క్వేక్ నెట్‌వర్క్ కోడ్‌లో ముందస్తు అంచనా (సర్వర్ జవాబు రాకముందే ఆటగాడి కదలికని చూపడం) లేదు, అది ఇంటర్నెట్ ఆట కోసం చేసిన క్వేక్‌వరల్డ్‌లో వచ్చింది. అందుకని కొద్ది ఆలస్యం కూడా నడకలో తెలుస్తుంది, దాన్ని మీ ఫిజిక్స్ లోపం అనుకుని వెతుక్కోకండి.

ఆట చూపించేటప్పుడు రెండు రకాల వాళ్లని పిలవండి: అప్పట్లో నెట్ సెంటర్లో ఆడిన నలభై ఏళ్లవాళ్లు, క్వేక్ పేరే వినని ఇంటర్ పిల్లలు. ఏమీ చెప్పకుండా స్టార్ట్ మ్యాప్‌లో వదిలేయండి. అక్కడ కష్టం స్థాయిని మెనూలో కాదు, నడిచి వెళ్లే దారిలో ఎంచుకోవాలి, పిల్లలు ఆగేది సాధారణంగా అక్కడే. తెర మీద బాణం గుర్తు పెట్టి చెడగొట్టకండి, అక్కడ తెర మధ్యలో వచ్చే మాట తెలుగులో వస్తే చాలు. వాళ్ల మాటల కంటే చేతుల్ని చూడండి. పాతవాడు మౌస్ ఆపి సెట్టింగ్స్ తెరిచాడంటే ఆ క్షణం టైమ్ రాసుకుని రికార్డింగ్‌లో అదే టిక్కుకి వెళ్లండి.

విడుదలకి ముందు రోజు ఏమీ ఇన్‌స్టాల్ చేయని కంప్యూటర్ ఒకటి అరువు తెచ్చుకుని, మీ జిప్ విప్పి, పాక్ ఫైళ్లు ఎక్కడున్నాయో అది అడుగుతుందో లేదో చూడండి. విండోస్ యూజర్ పేరు తెలుగులో ఉన్న ఫోల్డర్‌లో పెట్టి కూడా తెరవండి, పాత ఫైల్ కోడ్ అక్కడ పడిపోతుంది. జిప్‌లో ఒరిజినల్ పాక్ ఫైలు గానీ, దాంట్లోంచి తీసిన ఒక్క శబ్దం గానీ మిగల్లేదని నలుగురూ విడివిడిగా సరిచూసి, సోర్సు కోడ్ జిప్‌ని కూడా అదే పేజీలో పెట్టండి.